ఎముక అతకడానికి ఇంజెక్షన్ అడిగే ముందు

ఆపరేషన్ అయి మూడు నెలలు దాటింది. రాడ్ వేశారు, స్క్రూలు బిగించారు, పైన కుట్లు ఎప్పుడో మానిపోయాయి. కానీ కొత్త ఎక్స్‌రేలో విరిగినచోట నల్లటి గీత అలాగే ఉంది. ఎముకల డాక్టరు గదిలో అప్పుడు రోగి నోటి నుంచో, వెంట వచ్చిన కొడుకు నోటి నుంచో దాదాపు ఒకే మాట వస్తుంది. "సార్, ఎముక తొందరగా పెరగడానికి ఇంజెక్షన్లు ఉన్నాయట కదా. ఖర్చయినా ఫర్వాలేదు, రాయండి."

ఉన్నమాట నిజమే. ఎముకను పెంచే మందులు ఉన్నాయి. కొన్నిటిని ఆపరేషన్ చేసేటప్పుడు విరిగినచోటే పెడతారు, కొన్నిటిని రోగి రోజూ పొట్ట మీదో తొడ మీదో తనే పొడుచుకోవాలి. వాటి వెనక అరవై ఏళ్ల పరిశోధన ఉంది. ఆ పరిశోధనను వరసగా చదివితే ఒక విషయం మాత్రం గట్టిగా తేలుతుంది. పెరగమని చెప్పే సంకేతం కొరవడిన ఎముకకే ఈ మందులు అక్కరకొస్తాయి. రక్తం అందక, విరిగిన ముక్కలు కదలడం మానక, లోపల చీము వదలక, ఒంట్లో విటమిన్ డి లేక ఆగిపోయిన ఎముకకు ఎంత ఖరీదైన ఇంజెక్షన్ ఇచ్చినా దాని అవసరం తీరదు. అందుకే "ఏ మందు?" అని అడిగే ముందు "ఈ ఎముకకు ఏది తక్కువైంది?" అని అడగాలి. ఈ అధ్యాయం ఆ ప్రశ్న అడగడం ఎలాగో చెబుతుంది.

అతుక్కునే పని ఎలా జరుగుతుంది

చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. ఎముక విరిగితే అక్కడ మళ్లీ అసలు ఎముకే తయారవుతుంది. మచ్చ మిగలకుండా మానే అవయవాలు శరీరంలో చాలా తక్కువ, ఎముక అందులో ఒకటి. విరిగిన క్షణాన కారిన నెత్తురు అక్కడే గడ్డకడుతుంది. ఆ గడ్డలోకి కణాలు చేరతాయి, సన్నటి రక్తనాళాలు మొలుస్తాయి. రెండు మూడు వారాల్లో మెత్తటి మృదులాస్థి వంతెన కడుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల్లో అది గట్టిపడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, ఎముక తనను తాను పాత రూపానికి చెక్కుకుంటూనే ఉంటుంది.

నూటికి ఐదు నుంచి పది విరుగుళ్లలో ఈ పని ఆలస్యమవుతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో విరిగి తొమ్మిది నెలలు గడిచి, చివరి మూడు నెలల్లో ఎక్స్‌రేలో ఏ మార్పూ లేకపోతేనే దాన్ని అతకని ఎముక అంటారు. మోకాలి కింది పెద్ద ఎముక ఎక్స్‌రేలో నిండుగా కనిపించడానికి నాలుగైదు నెలలు పట్టడం మామూలు. కాబట్టి మూడో నెలలో కనిపించే నల్లగీత చాలామందిలో ఇంకా నడుస్తున్న పనికి గుర్తు మాత్రమే. మందు మొదలుపెట్టడానికి అదొక్కటే కారణం కాకూడదు.

కండలో పుట్టిన ఎముక

1965లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల సర్జన్ ఒక ప్రయోగం ప్రచురించాడు. ఎముక ముక్కను ఆమ్లంలో నానబెట్టి అందులోని ఖనిజాన్నంతా తీసేశాడు. మిగిలిన మెత్తటి పదార్థాన్ని జంతువుల కండలో పెట్టాడు. ఎముకతో సంబంధమే లేని ఆ కండలో కొత్త ఎముక పుట్టింది! అంటే ఎముకలోనే "ఇక్కడ ఎముక కట్టండి" అని చుట్టుపక్కల కణాలకు చెప్పే పదార్థం ఏదో ఉందన్నమాట. దానికి తర్వాత బోన్ మార్ఫోజెనెటిక్ ప్రొటీన్ అనే పేరు వచ్చింది. డాక్టర్లు బీఎంపీ అంటారు. 1988లో జాన్ వోజ్నీ బృందం దాని జన్యువులను పట్టుకోవడంతో ప్రయోగశాలలో తయారుచేసే దారి తెరుచుకుంది.

ఆ దారి చివర వచ్చిన మందు బీఎంపీ-2. మెడ్‌ట్రానిక్ కంపెనీ దీన్ని ఇన్‌ఫ్యూజ్ పేరుతో తెచ్చింది. కొల్లాజెన్ స్పాంజీని ఈ ప్రొటీన్ ద్రావణంలో తడిపి, ఎముక కట్టాల్సిన చోట సర్జన్ పెడతాడు. 2002లో నడుము వెన్నుపూసలను కలిపే ఒక ఆపరేషన్‌కు, 2004లో చర్మం చీల్చుకుని బయటపడిన మోకాలి కింది ఎముక విరుగుళ్లకు ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

కాలి ఎముక మీద జరిగిన పరీక్షలు జాగ్రత్తగా చూడవలసినవి. 2002లో వెలువడిన మొదటి పెద్ద పరీక్షలో 450 మంది రోగులున్నారు. అందరికీ చర్మం చీలి ఎముక బయటపడిన గాయాలే, అందరికీ రాడ్ వేశారు. మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో నూటికి 46 మందికి మళ్లీ ఏదో ఒక జోక్యం అవసరమైంది. బీఎంపీ ఎక్కువ మోతాదు పెట్టినవారిలో అది 26కు తగ్గింది. ఇది చిన్న తేడా కాదు. అలాంటి గాయంలో చుట్టూ కండ నలిగిపోయి ఉంటుంది, సంకేతం మోసుకొచ్చే నెత్తుటి గడ్డ కడిగేసేటప్పుడు పోతుంది. లోటు ఉన్నచోట మందు పడింది, ఫలితం కనిపించింది.

2011లో అదే రకం గాయాలున్న 277 మంది మీద మరో పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఈసారి అందరికీ ఎముక లోపలి గొట్టాన్ని తొలిచి, నిండుగా పట్టే రాడ్ వేశారు. బీఎంపీ పెట్టినా పెట్టకపోయినా ఎముక దాదాపు ఒకే వేగంతో అతికింది. పైగా లోపలి ఇన్ఫెక్షన్లు మందు పెట్టినవారిలోనే కాస్త ఎక్కువగా కనిపించాయి. రాడ్ గట్టిగా పట్టి, తొలిచినప్పుడు రాలిన ఎముక పొడి విరిగినచోటే చేరినప్పుడు బయటి సంకేతానికి పెద్ద పని మిగల్లేదని చాలామంది సర్జన్లు దీన్ని అర్థం చేసుకున్నారు. ఈ రెండు పరీక్షలను పక్కపక్కన పెట్టి చదివిన రోగికి డాక్టరుతో మాట్లాడే తీరే మారిపోతుంది.

వెన్నెముక విషయంలో జరిగింది అంతకంటే పెద్ద పాఠం. అనుమతి వచ్చింది ఒక్క రకం ఆపరేషన్‌కే అయినా మందును వెన్నెముకలో అన్నిచోట్లా వాడటం మొదలైంది. మెడ భాగంలో వాడినప్పుడు గొంతు వాచి ఊపిరి ఆడని పరిస్థితులు వచ్చాయి. 2008 జులైలో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. 2011లో 'స్పైన్ జర్నల్' పత్రిక ఏకంగా ఒక సంచికలో ఈ వ్యవహారాన్నంతా తిరగేసింది. కంపెనీ డబ్బుతో జరిగిన 13 అధ్యయనాల్లో మందు పొందిన 780 మందిలో ఒక్కరికీ మందు వల్ల ఇబ్బంది రాలేదని రాశారు. అసలు ఇబ్బందులు మొదట చెప్పిన దానికంటే పది నుంచి యాభై రెట్లు ఉండవచ్చని ఆ సంచిక సమీక్షకులు లెక్కగట్టారు. అక్కర్లేని చోట ఎముక మొలవడం, వాపు, నరాల నొప్పి, మగవారిలో సంతాన సమస్యకు దారితీసే మార్పులు ఆ జాబితాలో ఉన్నాయి. ఆ అధ్యయనాలు రాసిన వైద్యులకు కంపెనీ 1996 నుంచి 2010 వరకు దాదాపు 21 కోట్ల డాలర్లు చెల్లించిందని 2012లో అమెరికా సెనేట్ ఆర్థిక కమిటీ బయటపెట్టింది. చివరకు కంపెనీ తన సమాచారమంతా యేల్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. 2013లో రెండు స్వతంత్ర బృందాలు దాన్ని పరిశీలించాయి. రోగి తుంటి నుంచే ఎముక తీసి పెట్టే పాత పద్ధతి కంటే ఈ మందు వెన్నెముకలో స్పష్టంగా మెరుగని చూపలేకపోయాయి.

అదే మందు చీలిన కాలి ఎముకలో ఒక పరీక్షలో పనికొచ్చింది, మెడలో ప్రాణం మీదికి తెచ్చింది. కాబట్టి మందు పేరు తెలిస్తే చాలదు. ఎక్కడ, ఏ విరుపుకు, ఏ మోతాదులో అన్నది కూడా రోగి తెలుసుకోవాలి.

రోజుకో ఇరవై మైక్రోగ్రాములు

మన దగ్గర ఎముకల డాక్టర్లు ఎక్కువగా రాసే పెంచే మందు టెరిపారటైడ్. పెన్ను ఆకారంలో ఉండే ఇంజెక్షన్ ఇది. మెడలో థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు చేసే హార్మోన్‌లో 84 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అందులో మొదటి 34 మాత్రమే ఈ మందు. 2002 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు భారతీయ కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి.

ఈ హార్మోన్ పని చేసే తీరు వింతగా ఉంటుంది. ఒంట్లో అది రోజంతా ఎక్కువగా ఉంటే ఎముకను కరిగించి కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. పారాథైరాయిడ్ గ్రంథికి గడ్డ వచ్చినవారి ఎముకలు గుల్లబారేది అందుకే. కానీ అదే హార్మోన్‌ను రోజుకు ఒక్కసారి, కొద్దిసేపు మాత్రమే తగిలేలా ఇస్తే ఎముక కట్టే కణాలు మేల్కొంటాయి. మోతాదు ఎంత ముఖ్యమో, ఇచ్చే తీరు అంతకంటే ముఖ్యం. ఒక రోజు మరిచిపోయామని మర్నాడు రెండు మోతాదులు కలిపి పొడుచుకోకూడదని చెప్పేది ఇందుకే.

ఇంతకీ ఈ మందుకు అనుమతి దేనికి? ఎముకలు బాగా గుల్లబారి, మళ్లీ విరిగే ప్రమాదం ఎక్కువున్నవారికి. ఆ పనిలో దాని బలం రుజువైంది. 2001లో వెలువడిన పరీక్షలో ముందే వెన్నుపూస విరిగిన 1,637 మంది పెద్ద వయసు మహిళలు పాల్గొన్నారు. రోజుకు 20 మైక్రోగ్రాములు తీసుకున్నవారిలో కొత్త వెన్నుపూస విరుగుళ్లు 65 శాతం తగ్గాయి. కానీ విరిగిన ఎముకను తొందరగా అతికించడానికి దానికి ప్రత్యేకంగా అనుమతి లేదు. డాక్టరు తన విచక్షణతో అలా రాయవచ్చు, చాలామంది రాస్తారు కూడా. ఆ తేడా రోగికి తెలిసి ఉండాలి.

అతికించడం మీద పరీక్షలు మిశ్రమంగా వచ్చాయి. 2010లో మణికట్టు దగ్గర ఎముక విరిగిన 102 మంది మహిళల మీద ఒక పరీక్ష జరిగింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి అతకడానికి సగటున 9.1 వారాలు పట్టింది. 20 మైక్రోగ్రాములు తీసుకున్నవారికి 7.4 వారాలు. మరి రెట్టింపు మోతాదు, అంటే 40 మైక్రోగ్రాములు తీసుకున్నవారికి? 8.8 వారాలు. ఎక్కువిస్తే ఎక్కువ పెరుగుతుందన్న ఊహ అక్కడ నిలబడలేదు. తుంటి దగ్గర విరిగిన వృద్ధుల మీద 2016లో వచ్చిన మరో పరీక్షలో ఎక్స్‌రేలో తేడా కనిపించలేదు, అయితే నడకలో, నొప్పిలో కొంత మెరుగు కనిపించింది. తుంటి ఎముక మెడ భాగం విరిగినవారి మీద చేసిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ ఫలితమే రాలేదు.

ఇక్కడ పెద్దవాళ్లున్న కుటుంబాలు ఒక సంగతి పట్టుకోవాలి. డెబ్భై ఏళ్ల అమ్మమ్మ బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంటే ఆపరేషన్ చేసిన ఎముక గురించే ఇంట్లో అందరూ ఆలోచిస్తారు. నిజానికి ఆమె ఎముకలన్నీ గుల్లబారి ఉన్నాయని ఆ జారుడు చెప్పింది. టెరిపారటైడ్ ఆ విరుపును తొందరగా అతికించకపోయినా, రాబోయే విరుపును ఆపడానికి రాయడం న్యాయమే. ఏడాదికొక్కసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం కూడా ఆ పని చేస్తుంది. 2007లో తుంటి ఆపరేషన్ అయిన 2,127 మంది మీద జరిగిన పరీక్షలో అది కొత్త విరుగుళ్లను 35 శాతం, మరణాలను 28 శాతం తగ్గించింది. డిశ్చార్జి కాగితంలో ఈ రెండో చికిత్స లేకపోతే కుటుంబం అడిగి రాయించుకోవాలి.

కొత్తగా వచ్చిన రోమోసోజుమాబ్ కథ దక్షిణాఫ్రికాలో మొదలైంది. అక్కడి కొన్ని డచ్ మూలాల కుటుంబాల్లో స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ పుట్టుకతోనే తయారుకాదు. వారి ఎముకలు అసాధారణంగా మందంగా ఉంటాయి, విరగడం అరుదు. ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే మందు తయారైంది, 2019లో ఎఫ్‌డీఏ అనుమతీ వచ్చింది. ఎముకలు గుల్లబారినవారికి అది నిజంగా మేలు చేస్తుంది. కానీ విరిగిన తుంటి మీద, విరిగిన కాలి ఎముక మీద 2020లో వచ్చిన రెండు పరీక్షల్లోనూ అతకడం వేగం పుంజుకోలేదు. గత ఏడాదిలో గుండెపోటో పక్షవాతమో వచ్చినవారికి దీన్ని మొదలుపెట్టకూడదన్న హెచ్చరిక దాని పెట్టె మీదే ఉంది.

నల్లగొండ నేర్పినది

పెరిగిన ఎముక గట్టి ఎముకే అయి ఉండాలని లేదు. ఇది తెలుగు నేలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును 1937లో వైద్యులు వర్ణించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. నల్లగొండ జిల్లా ఆ బాధను తరతరాలు మోసింది. అక్కడి బాధితుల ఎక్స్‌రే తీస్తే ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. చూడటానికి బలంగా ఉన్న ఆ ఎముకలతోనే మనుషులు నడుము వంచలేక, మెడ తిప్పలేక బతికారు.

ఆ ఫ్లోరైడ్‌నే ఒకప్పుడు ఎముకను పెంచే మందుగా వాడారు! 1990లో అమెరికాలో లారెన్స్ రిగ్స్ బృందం 202 మంది మహిళల మీద నాలుగేళ్లు చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించింది. సోడియం ఫ్లోరైడ్ తీసుకున్నవారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. స్కాన్ కాగితం చూస్తే అద్భుతం. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, చేతులు, కాళ్లు, తుంటి విరగడం మాత్రం పెరిగింది. ఎవరైనా ఒక మందు "ఎముక సాంద్రత ఇంత శాతం పెంచుతుంది" అని చెబితే, "విరగడం ఎంత తగ్గిస్తుంది?" అని రోగి వెంటనే అడగాలి. ఆ రెండో అంకె లేని మందుకు డబ్బు కట్టనక్కర్లేదు.

గ్రోత్ హార్మోన్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. జిమ్ముల చుట్టూ, వాట్సాప్ గ్రూపుల్లో ఆపరేషన్ తర్వాత తొందరగా కోలుకోవడానికి దీన్ని సూచించేవాళ్లున్నారు. 1999లో ఐరోపాలో ఐసీయూలో ఉన్న 532 మంది మీద దీన్ని పరీక్షించారు. అందులో గుండె ఆపరేషన్, పొట్ట ఆపరేషన్ అయినవారు, ఒళ్లంతా గాయాలైనవారు ఉన్నారు. కండ కరగకుండా కాపాడి తొందరగా లేపుతుందని ఆశించారు. హార్మోన్ పొందినవారిలో మరణాలు రెట్టింపు దాకా పెరిగాయి. పెద్ద ఆపరేషన్ చిక్కులతో తీవ్రంగా జబ్బుపడినవారికి ఇది ఇవ్వకూడదని అప్పటి నుంచి మందు కాగితంలోనే రాస్తున్నారు. బీపీసీ-157 లాంటి పెప్టైడ్ల పరిస్థితి మరీ అధ్వానం. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన ఆ పదార్థాన్ని విరిగిన ఎముకల మీద మనుషుల్లో సరిగ్గా పరీక్షించనే లేదు.

నాలుగు లోటుల్లో ఏది?

2007లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పనిచేసే పీటర్ యానూడిస్ బృందం ఎముక అతకడానికి కావలసినవాటిని నాలుగు మూలలుగా చెప్పింది. కట్టే కణాలు, అవి పాకడానికి ఆధారం, పెరగమనే సంకేతం, కదలని స్థిరత్వం. వీటన్నిటికీ రక్తప్రసరణ తోడు కావాలి. ఇల్లు కట్టేచోట మేస్త్రీలున్నా ఇటుక లేకపోతే, ఇటుకున్నా పునాది కదులుతుంటే గోడ లేవదు కదా. పెంచే మందులు ఈ నాలుగింటిలో ఒక్క సంకేతాన్నే అందిస్తాయి.

స్థిరత్వానికి ఎంత శక్తి ఉందో సోవియట్ హై జంపర్ వలేరీ బ్రూమెల్ జీవితం చూపిస్తుంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాది మోటార్‌సైకిల్ ప్రమాదంలో కుడికాలు చిన్నాభిన్నమైంది. ఆపరేషన్ మీద ఆపరేషన్ చేసినా ఎముక అతకలేదు. చివరకు సైబీరియాలోని కుర్గాన్ వెళ్లి గావ్రీల్ ఇలిజరోవ్ అనే వైద్యుడి చేతికి కాలు అప్పగించాడు. కాలి చుట్టూ లోహపు చక్రాలు, వాటి మధ్య బిగించిన సన్నటి తీగలు. ఏ పెంచే మందూ లేదు. ఎముక అతికింది, బ్రూమెల్ మళ్లీ రెండు మీటర్ల పైన దూకాడు. అదే చట్రం ఇవాళ హైదరాబాద్, విశాఖ, విజయవాడ ఆస్పత్రుల్లో కూడా కనిపిస్తుంది.

తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టును కూడా ఈ కోణంలోంచే చూడాలి. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలతో కట్టే ఆ కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. చర్మం చీలని, పెద్దగా పక్కకు జరగని విరుగుళ్లలో బద్దలు ఇచ్చేది స్థిరత్వం. అది నిజమైన చికిత్సే. కానీ చర్మం చీలి ఎముక కనిపిస్తున్నా, కీలులోకి విరుపు పాకినా, పెద్దవాళ్ల తుంటి విరిగినా బద్దల కట్టు చాలదు. కట్టు మరీ బిగిస్తే వేళ్లకు రక్తం ఆగి చెయ్యి, కాలు పోయే ప్రమాదమూ ఉంది. వేళ్లు చల్లబడి, నీలంగా మారి, తిమ్మిరెక్కితే ఎక్కడ కట్టించుకున్న కట్టైనా వెంటనే విప్పించాలి.

ఆయుర్వేదం అస్థిసంహారకం అని పిలిచే నల్లేరు మీద బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుప 1960లలోనే ప్రయోగాలు చేశారు. ఆసక్తికరమైన ఫలితాలే వచ్చాయి. అయితే పైన చెప్పిన స్థాయి పెద్ద పరీక్షలు దాని మీద జరగాల్సే ఉంది. పచ్చడి చేసుకు తినడానికి అభ్యంతరం లేదు, దాన్ని నమ్ముకుని డాక్టరు చెప్పిన ఎక్స్‌రే మానేయడానికి మాత్రం అది కారణం కాకూడదు.

ఇక రక్తపరీక్షల సంగతి. 2007లో అమెరికాలో మార్క్ బ్రింకర్ బృందం ఎముక అతకని 37 మందిని ప్రత్యేకంగా ఎంచుకుంది. వారిలో ఆపరేషన్ లోపం వంటి పైకి కనిపించే కారణమేదీ లేదు. పరీక్షలు చేస్తే 37 మందిలో 31 మందికి హార్మోన్లలోనో జీవక్రియలోనో తేడా బయటపడింది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది విటమిన్ డి లోపం. ఆ తేడాను సరిచేయగానే ఎనిమిది మందికి మరో ఆపరేషన్ లేకుండానే ఎముక అతికింది. ఈ ఎనిమిది మందికి ఖరీదైన పెంచే మందు రాసి ఉంటే అసలు కారణం కప్పబడిపోయేది. అందుకే ఎముక మందకొడిగా ఉన్నప్పుడు విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్, థైరాయిడ్, మూడు నెలల సగటు చక్కెర, ఇన్ఫెక్షన్ చూపే సీఆర్పీ, ఈఎస్ఆర్ పరీక్షలు చేయించమని రోగి అడగడంలో తప్పులేదు. చీము దాగి ఉన్నచోట బీఎంపీ పెట్టడం నిషిద్ధం కూడా.

విటమిన్ డి తక్కువని తేలగానే ఒకేసారి ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ వేయించుకునే అలవాటు మన దగ్గర ఉంది. 2010లో ఆస్ట్రేలియాలో డెబ్భై దాటిన 2,256 మంది మహిళల మీద జరిగిన పరీక్ష ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. ఏడాదికొకసారి అయిదు లక్షల యూనిట్లు మింగినవారు ఉత్తుత్తి మందు మింగినవారి కంటే ఎక్కువగా పడిపోయారు, వారికి విరుగుళ్లు 26 శాతం ఎక్కువయ్యాయి. డాక్టరు చెప్పిన చిన్న మోతాదులను వారానికో రోజుకో తీసుకోవడం మేలు.

పొగాకు విషయంలో వెసులుబాటు లేదు. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. పొగ తాగేవారి కాలి ఎముక అతకకుండా పోయే ప్రమాదం తాగనివారి కంటే దాదాపు రెట్టింపు. బీడీ, చుట్ట, గుట్కా మానకుండా నెలనెలా వేల రూపాయలు ఇంజెక్షన్లకు పోయడం ఏ లెక్కలోనూ పొసగదు. తిండిలో మాంసకృత్తులు కూడా అంతే ముఖ్యం. ఆపరేషన్ తర్వాత "తేలిగ్గా" తినాలని చారన్నంతో, జావతో సరిపెట్టే ఇళ్లు ఎక్కువ. కిడ్నీ జబ్బు లేనివారికి ఒంటి బరువు కిలోకు రోజుకు గ్రాముకు తగ్గకుండా ప్రొటీన్ అందాలి. యాభై అయిదు కిలోల మనిషికి అంటే రోజుకు 55 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే. కాబట్టి ముద్దపప్పు, పెరుగు, శనగలు, చేపలు, చికెన్ ఏవి తింటే అవి పూటపూటకూ కలవాలి.

మందు నిజంగా అవసరమైతే

అన్నీ చూశాక డాక్టరు పెంచే మందే కావాలంటే రోగి అడగాల్సినవి తక్కువే. నా ఎముకలో లోటు ఏదని అనుకుంటున్నారు? ఈ మందుకు ఈ పనికి అనుమతి ఉందా, లేక మీ అనుభవంతో రాస్తున్నారా? ఎన్ని వారాలకు ఎక్స్‌రే తీసి పనిచేసిందో లేదో తేలుస్తారు? పనిచేయకపోతే ఎప్పుడు ఆపేస్తారు? ఈ ప్రశ్నలకు మంచి డాక్టరు విసుక్కోరు. ఆపే తేదీ ముందే మాట్లాడుకోని మందు ఏళ్ల తరబడి సాగుతుంది, ఇంట్లో డబ్బూ కరిగిపోతుంది.

టెరిపారటైడ్ మొదలుపెట్టే ముందు కొన్ని విషయాలు దాచకుండా చెప్పాలి. ఎముక క్యాన్సర్ ఉన్నా, ఎముకలకు రేడియేషన్ పడినా, పేజెట్ అనే ఎముక జబ్బు ఉన్నా, కారణం తెలియకుండా రక్తంలో కాల్షియం ఎక్కువున్నా, ఇంకా ఎదిగే వయసు పిల్లలైనా ఇది వద్దు. ఎలుకల్లో ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు ఎముక క్యాన్సర్ కనిపించడంతో చాలా ఏళ్లు పెట్టె మీద నల్లగీతల హెచ్చరిక ఉండేది. మనుషుల్లో ఏళ్ల తరబడి గమనించినా ఆ ప్రమాదం పెరిగినట్టు తేలలేదు, 2020లో ఆ హెచ్చరిక తీసేశారు. కాబట్టి ఇంటర్నెట్‌లో పాత హెచ్చరిక చదివి మధ్యలో మానేయనక్కర్లేదు.

పెన్నును ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఒకసారి వాడటం మొదలుపెట్టిన పెన్నును 28 రోజుల తర్వాత మందు మిగిలినా పారేయాలి. మొదటి కొన్ని మోతాదుల తర్వాత లేవగానే తల తిరగవచ్చు కాబట్టి మంచం పక్కనే కూర్చుని పొడుచుకోవడం మంచిది. తుంటి ఆపరేషన్ అయిన పెద్దవారికి ఇది మరీ ముఖ్యం, అప్పుడు మళ్లీ పడితే నష్టం చాలా పెద్దది. సాధారణంగా రెండేళ్లకు మించి వాడరు. ఆపేశాక ఎముక కరగకుండా నిలిపే మరో మందు మొదలుపెట్టకపోతే కట్టిన ఎముక కొన్ని నెలల్లోనే తగ్గడం మొదలవుతుంది. ఆ రెండో మందు పేరు, మొదలుపెట్టే నెల చివరి పెన్ను కొనకముందే చీటీ మీద రాయించుకోవాలి.